పన్నెండులో మూడు

కుట్టు గది, మేడ మీద వాటా
ఆదివారం

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఫోన్‌లో చెప్పలేక కాగితం పట్టుకున్నాను. నేను ఫోన్ ఎత్తితే చాలు, నాకు తోడుగా వచ్చి ఉంటున్న మా అమ్మాయి తలుపు పక్కన నిలబడుతుంది. బట్టలు మడతపెడుతున్నట్టు నటిస్తుంది గానీ, మొన్న ఒకే తువ్వాలుని నాలుగుసార్లు మడిచింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

పోయినేడు ఊపిరితిత్తుల్లో వచ్చిన జబ్బు తగ్గిందనుకున్నాం కదా. తగ్గలేదు, తలకెక్కింది. మెదడులో అక్కడక్కడా ఆవగింజంత మచ్చలు పదికి పైనే ఉన్నాయట. ఒక్కోదాన్నీ విడిగా ఏరడం కుదరదు, తల మొత్తానికీ రేడియేషన్ పెట్టాలన్నారు. నేను ఏడవలేదు. నువ్వు కూడా ఏడుపు మొదలుపెట్టకు, నీ ముక్కు ఎర్రబడితే చూడలేం.

పెద్ద డాక్టరు ఒక బొమ్మ చూపించాడు. మెదడు లోపల రెండు వైపులా చిటికెనవేలంత భాగం ఉంటుందట. మనం కొత్తగా విన్నదీ చూసిందీ ముందు అక్కడ దిగి, తర్వాత లోపల సర్దుకుంటుందట. తల మొత్తానికి కిరణాలు పడితే అది దెబ్బతిని, పొద్దున జరిగింది సాయంత్రానికి నిలవకపోవచ్చునట. అందుకని ఆ రెండు వేళ్ళనీ తప్పించి చుట్టూ కిరణాలు వేసే పద్ధతి ఒకటుందన్నాడు. దానికి తోడు జ్ఞాపకానికి ఒక మాత్ర. తప్పించిన చోట జబ్బు దాక్కోదా అని వెంటనే అడిగాను. నీ మచ్చలేవీ ఆ దరిదాపుల్లో లేవమ్మా, అక్కడికి పాకడం కూడా అరుదు అన్నాడు. ఊరక రారు మహానుభావులు అంటారు. అడగకుండానే ఇంత మేలు చేస్తామంటే నాకు అనుమానం రాదా?

తర్వాత, బుధవారం, జ్ఞాపకం ఎలా ఉందో చూడాలని ఒక పిల్ల వచ్చింది. గోళ్ళకి వంకాయ రంగు, ఎడమ చేతి చూపుడువేలి మీద మాత్రం రంగు లేచిపోయింది. బల్ల మీద అట్ట, దాని పక్కన స్టాప్‌వాచ్. దాన్ని చూడగానే నువ్వు గుర్తొచ్చావు. ఏవో మాటలు చదివింది, తిరిగి చెప్పమంది, చెప్పాను. ఆ సంగతి వదిలెయ్.

మరదలికి ఈ ఉత్తరం చూపించు. ఇంకెవరికీ వద్దు.

అక్క


ఫ్యాక్టరీ టైం ఆఫీసు
బుధవారం, భోజనాల వేళ

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నీ మరదలికిచ్చి, ఆవిడ సగం చదివేలోపే లాక్కొని మళ్ళీ చదివాను. ఆవిడ అప్పుడే సంచి సర్దడం మొదలుపెట్టింది. నేనే ఆపాను. పిలవకుండా వస్తే గుమ్మంలోనే నిలబెట్టి మిమ్మల్ని ఎవరు పంపారని అడుగుతావని నాకు తెలుసు.

నువ్వు డాక్టరుని నమ్మవు, మందుని నమ్మవు, కొత్తగా కొన్న టేపుని కూడా పాత టేపుతో కొలిచి చూస్తావు. అందుకని మా ఫ్యాక్టరీ డాక్టరుని కలిసి వివరంగా అడిగాను. ఆ పద్ధతి నిజమేనట. చాలామంది మీద చూశారట. జ్ఞాపకం బొత్తిగా తగ్గదని ఎవరూ హామీ ఇవ్వరు గానీ, మామూలు పద్ధతిలో కన్నా తక్కువ తగ్గుతుందట. అలా తప్పించినందువల్ల ఆయుష్షుకి లోటేమీ కనపడలేదన్నాడు. కాబట్టి నోరు మూసుకొని చేయించుకో. అక్కవి కాబట్టి దయచేసి అని కలుపుతున్నాను.

పరీక్ష సంగతి వదిలెయ్ అన్నావు. నువ్వు వదిలెయ్ అన్నదేదీ నేను ఇంతవరకూ వదల్లేదు. ఎలా చేశావు?

తమ్ముడు


కుట్టు గది
శనివారం

చిరంజీవి తమ్ముడికి,

ఇక్కడేదో జరుగుతోంది. నాకు చెప్పకుండా జరుగుతోంది.

మొన్న ఆస్పత్రిలో డాక్టరు నన్ను వరండాలో కూర్చోబెట్టి అమ్మాయిని ఒక్కదాన్నీ లోపలికి పిలిచాడు. బయటికొచ్చేసరికి దాని కళ్ళు వాచిపోయాయి. నేను అడక్కుండానే టీ తెచ్చి ఇచ్చింది, పైగా ఊదుకొని తాగమంది. కడుపున పుట్టిన పిల్ల ఉన్నట్టుండి అంత మర్యాద చేస్తే కీడు శంకించక ఏం చేస్తాం? ఇంటికొచ్చాక మెల్లగా చెప్పింది. ఆ వేళ్ళని తప్పించే పద్ధతి వద్దనుకున్నారట. దానికి ప్లాను గీయడానికే చాలా రోజులు పడుతుందట, నాకు దానివల్ల పెద్దగా ఒరిగేది లేదట. మామూలు పద్ధతిలో రెండు వారాలు పోయాక వచ్చే సోమవారం మొదలుపెడతారట.

అదేమిటి, వారం కింద మేలైనది ఇప్పుడు దండగెలా అయింది? ఫ్యాక్టరీలో కుట్టు వంకర పోయిన చొక్కాని సెకండ్స్ గుట్ట మీదకి విసిరేస్తారే, నన్నూ అలాగే విసిరేశారు. ఎవరు విసిరారో తేలాలి. డాక్టరా, అమ్మాయా, ఇద్దరూ కలిసా?

నిన్నటి నుంచి స్టవ్ దగ్గర అగ్గిపెట్టె లేదు. అల్లుడు రోజూ ఫోన్ చేసి అత్తయ్యా, ఇవాళ ఏ వారం అని అడుగుతున్నాడు. నీకు సెలవు లేని వారం నాయనా అన్నాను. అమ్మాయి వాడితో మాట్లాడుతూ మిషను అమ్మేస్తే అనబోయి నన్ను చూసి ఆగిపోయింది. గుర్తు తప్పినవాళ్ళు ఒంటరిగా ఉండకూడదని, తమ దగ్గరికి వచ్చెయ్యాలని దాని ఆలోచన. ఫ్యాక్టరీ మానేశాక ఈ గదీ ఈ మిషనూ నేను ఒక్కదాన్నే సంపాదించుకున్నవి. పొద్దున్నే మనుషులు మెట్లెక్కి వస్తారు, కొలతిచ్చి పోతారు, సాయంత్రం తొడుక్కొని అద్దంలో చూసుకుంటారు. ఇది లేకపోతే నాకు రోజు ఎలా మొదలవుతుందో తెలియదు. అమ్మాయి ఇంట్లో పక్క గదిలో కూర్చొని ఇవాళ ఏ వారమో చెప్పుకుంటూ బతకనా?

కిరణాలు వేసేటప్పుడు తల కదలకుండా పెట్టే వలలాంటి ప్లాస్టిక్ ముసుగు మాత్రం నా మొహానికి సరిపడా తయారుచేశారు. మెడ దగ్గర కొలత బాగా కుదిరింది. ఆ ఒక్క పనీ చేతనైనవాళ్ళు చేశారు.

అమ్మాయి నీకేమైనా ఫోన్ చేసిందా? చేస్తే ఏమందో దాచకుండా రాయి. నువ్వు కూడా దానితో కలిశావని తెలిస్తే ఊరుకోను.

అక్క


ఇంటి నుంచి
మంగళవారం

అక్కకి,

చేసింది. గంటసేపు ఏడ్చింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, ఆ ఒట్టు ఈ కాగితం మీద తీసి పెడుతున్నాను.

ఆ పిల్ల చదివిన పన్నెండు మాటల్లో నువ్వు మూడే చెప్పావట. రెండోసారి చదివినా మూడే. మూడోసారీ మూడే. కాసేపాగి అడిగినా మళ్ళీ అవే మూడు. దాంతో డాక్టరు, ఆ భాగం ఇప్పటికే దెబ్బతిన్నట్టుంది, పాడైనదాన్ని కాపాడటం కోసం రోజులు పోగొట్టుకోవడం ఎందుకు, మామూలు పద్ధతిలో త్వరగా కానిద్దాం అన్నాడట. నువ్వు తన చేతిలోంచి జారిపోతున్నావని నీ కూతురు ఏడుస్తోంది. అగ్గిపెట్టె అందుకే దాచింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

అక్కా, నా ఉద్యోగమే గడియారం పట్టుకొని మనుషుల చేతులు చూడటం. ఎవరు ఎంత త్వరగా కుడతారో చూసి పీసుకి రేటు కడతాను. నేను ఎదురుగా నిలబడగానే ప్రతివాడూ చెయ్యి నెమ్మదిస్తాడు, వేగం చూపిస్తే రేటు కోస్తారని. నిజంగా చేతకానివాడి పని ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక పీసు ఆలస్యం, ఇంకోటి త్వరగా, మధ్యలో సూది విరుగుతుంది. కావాలని నెమ్మదించినవాడు మాత్రం ప్రతి పీసుకీ ఒకే టైం తీసుకుంటాడు.

మతిమరుపు ఉన్నవాళ్ళు లేని మాట ఒకటైనా కలుపుతారు. మళ్ళీ చదివితే ఒకటి పెరుగుతుంది, ఇంకోటి జారుతుంది. నీకు పెరిగిందీ లేదు, జారిందీ లేదు. ఆ పిల్ల ఎడమ చేతి చూపుడువేలి గోరు మీద రంగు లేచిపోయిందని నాలుగు రోజుల తర్వాత నాకు రాసిన మనిషివి, పన్నెండు మాటల్లో మూడే గుర్తున్నాయంటే నన్ను నమ్మమంటావా? ఆ పరీక్ష పెట్టిన పిల్ల కొత్తదై ఉంటుంది. నేను పాతవాణ్ణి.

నిన్ను ఎవరూ సెకండ్స్‌లో పడేయలేదు, నీ అంతట నువ్వే వెళ్ళి ఆ గుట్ట మీద పడుకున్నావు. డాక్టరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పు.

తమ్ముడు


కుట్టు గది, తలుపు వేసుకొని
శుక్రవారం

టైం ఆఫీసరు గారికి,

పలుగు, నిమ్మ, మేనమామ, సుత్తి, ద్రాక్ష, వదిన, గొడ్డలి, జామ, తాత, కత్తెర, దానిమ్మ, మరదలు.

ఆ పిల్ల చదివిన వరుసలోనే రాశాను. పనిముట్లు నాలుగు, పండ్లు నాలుగు, చుట్టాలు నలుగురు. కలిపి పోశారు గానీ, బొత్తాలు ఏరినట్టు రకం వారీగా ఏరుకుంటే ఎవరికైనా గుర్తుంటాయి. మొదటిసారికే పన్నెండూ చెప్పగలను. రకానికొకటి చొప్పున మూడు చెప్పి ఊరుకున్నాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నువ్వు పట్టావు. సంతోషమేనా?

ఎందుకు చేశానంటావా? పరీక్షకి ముందే ఆ పిల్ల చెప్పింది, ఇప్పటి లెక్క రాసిపెట్టుకొని తర్వాత నెలల్లో దానితో పోల్చి చూస్తామని. మొదట పన్నెండు చెప్పి, తర్వాత ఎనిమిదికి దిగితే అమ్మాయి మర్నాడే మిషను బేరం పెడుతుంది. మొదటే మూడు రాయిస్తే, ఎనిమిదికి దిగినా మెరుగైనట్టే కనపడుతుంది. రేటు కట్టేటప్పుడు ఎవరైనా చేసే పనే ఇది.

ఆ విద్య నాకు నేర్పింది ఎవరో మర్చిపోయావేమో. నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కాలరు లైనుకి రేటు కట్టడానికి నిన్నే పంపారు. లైనంతా చేతులు నెమ్మదించింది. నేను మాత్రం, నా తమ్ముడు మొదటిసారి గడియారం పట్టుకొని వచ్చాడు, వాడి పరువు నిలబడాలని ఉన్న వేగమంతా చూపించాను. నెల తిరక్కుండా రేటు కోసేశారు. ఆ తర్వాత లైనులో ఆడవాళ్ళు నా పక్కన కూర్చొని అన్నం తినడం మానేశారు. నీతో ఈ మాట ఎప్పుడూ అనలేదు, ఇవాళ అనిపించావు.

డాక్టరుతో నేను చెప్పను. చెబితే మతిమరుపుతో పాటు అబద్ధాలకోరు అని కూడా రాసుకుంటారు. నువ్వూ చెప్పకు. ఆ వేళ్ళని కాపాడటానికీ ఆ పరీక్షకీ ముడి ఉందని నాకు ఒక్కరూ చెప్పలేదు. చెబితే ఇలా చేసేదాన్నా?

మామూలు పద్ధతిలో చేస్తే నిజంగా అంతా పోతుందా? నీకు తెలిసింది రాయి. కోపంగా రాసినా పర్వాలేదు.

అక్క


టైం ఆఫీసు
సోమవారం

అక్కకి,

నీ ఉత్తరం అందిన గంటలోనే రాస్తున్నాను.

కాలరు లైను సంగతి. ఆ రోజు నేను చూసింది ఒకటి, రాసింది ఇంకొకటి. నీ చెయ్యి చూపించినదానికన్నా నెమ్మదిగా కుట్టినట్టే రాశాను. అయినా పైవాళ్ళు కోశారు. నువ్వు నమ్మవని తెలుసు, ఇప్పుడు నమ్మించే తీరిక కూడా లేదు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. అంతా పోదు. పాతవి ఉంటాయట. కాలరు ఎలా తిప్పాలో నీ చేతికి తెలుసు, అది ఉంటుంది. నిలవనిది కొత్తది. పొద్దున మెట్లెక్కి వచ్చిన మనిషి ఏం కుట్టమన్నాడో, ఏ బట్ట ఎవరిదో, ఎవరికి ఎప్పుడిస్తానన్నావో అవే జారిపోతాయట. అందరికీ ఒకేలా జరగదు, నీకు ఎంత జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ ఒకసారి పడిన కిరణాన్ని వెనక్కి తీయలేరు. నీ గదినీ మిషన్నీ కాపాడుకోవడానికి నువ్వు వేసిన ఎత్తే వాటిని తీసుకుపోతుంది.

గురువారం లోపు నువ్వే వెళ్ళు. మొదట అమ్మాయికి చెప్పక్కర్లేదు. ఆ పరీక్ష పెట్టిన పిల్లకి చెప్పు చాలు.

తమ్ముడు


కుట్టు గది
శుక్రవారం

తమ్ముడికి,

వెళ్ళాను.

నిన్న అమ్మాయి ఆఫీసుకి బయల్దేరగానే తలకి గుడ్డ కట్టుకొని బస్సెక్కాను. ఆ పిల్ల వరండా చివర కిటికీ గట్టు మీద కూర్చొని బ్రెడ్డు తింటోంది. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వెళ్ళినదాన్ని, తీరా అక్కడ ఏదీ రాలేదు.

"అమ్మా, ఆ రోజు నాకు అన్నీ గుర్తున్నాయి. కావాలనే మూడు చెప్పాను. మళ్ళీ పెట్టు" అన్నాను.

ఆ పిల్ల నమిలే బ్రెడ్డు అలాగే ఉండిపోయింది. ఎందుకలా చేశారని అడిగింది. పీసు రేటు సంగతీ నీ సంగతీ మొత్తం చెప్పాను. వాళ్ళ అమ్మ కూడా అగరొత్తులు చుట్టే చోట పీసు రేటు మీదే పనిచేసేదట. ఇక ఏమీ అడక్కుండా లోపలికి తీసుకెళ్ళింది.

ఈసారి వేరే మాటలు చదివింది. గడియారం నా ఎదుటే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఉన్నదంతా చెప్పాను. పదకొండు వచ్చాయి. పన్నెండోది రాలేదు తమ్ముడూ. నేను దాచలేదు, నిజంగా రాలేదు. బస్సులో వస్తూ వెతికాను, అన్నం తింటూ వెతికాను, ఇది రాస్తూ కూడా వెతుకుతున్నాను. మూడు చెప్పిన రోజు హాయిగా నిద్రపోయాను, పదకొండు చెప్పాక నిద్ర పట్టలేదు.

డాక్టరు నన్ను తిట్టలేదు. తప్పించే పద్ధతిలోనే చేద్దాం, ప్లాను గీయడానికి కొన్ని రోజులు ఆగినా ఫర్వాలేదు అన్నాడు. మాత్ర మొదలుపెట్టమన్నాడు. అమ్మాయికి తానే నచ్చచెప్తానన్నాడు. ఇదంతా బాగానే ఉంది. కానీ ఆయన ఆశ్చర్యపోలేదు. నా నోట ఈ సంగతి విని కుర్చీలో ఇటునుంచి అటు కదలని మనిషిని చూస్తే నాకు ఏమనిపిస్తుంది? ఎవరో ముందే చెవిన వేశారు.

నువ్వేనా?

అక్క


టైం ఆఫీసు
సోమవారం

అక్కకి,

నేనే. నువ్వు వెళ్ళడానికి ముందు రోజు సాయంత్రం డాక్టరుకి ఫోన్ చేశాను. గురువారం లోపు నువ్వే వెళ్ళమని రాసి, అంతదాకా ఆగలేకపోయాను. నీ కోపం నాకు అలవాటే, అది ఎప్పటికైనా తగ్గుతుంది. ఆ వేళ్ళు మాత్రం మళ్ళీ దొరకవు.

తమ్ముడు


కుట్టు గది
ఆదివారం

తమ్ముడికి,

నెలల తరబడి నీకు రాయలేదు. కోపం కొంత, నీరసం కొంత. ఏది ఎంతో నాకే తెలియదు.

రేడియేషన్ అయిపోయింది. పది పూటలు ఆ ముసుగులో మొహం పెట్టి బల్లకి బిగించారు. నొప్పేమీ లేదు. లోపల వాళ్ళు వేళ్ళని తప్పిస్తున్నారో లేదో కనుక్కునే దారి నాకు లేదు, వాళ్ళ మాట నమ్ముకొని పడుకున్నాను. నా జన్మలో అంతసేపు ఎవరినీ నమ్మలేదు. జుట్టు ఊడింది. నోటికి ఏది పెట్టినా అట్టముక్క తిన్నట్టు ఉండేది, ఇప్పుడు మెల్లగా రుచి తెలుస్తోంది. మచ్చలు చిన్నవయ్యాయట.

మొన్న మళ్ళీ పరీక్ష పెట్టారు. తొమ్మిది. పదకొండు నుంచి తొమ్మిదికి. డాక్టరు, ఇది భయపడేంత తగ్గుదల కాదు, మామూలు పద్ధతిలో అయితే ఇంకా తగ్గి ఉండేదేమో అన్నాడు. ఉండేదేమో అన్న మాటకి నేనేం చేసుకోను? అమ్మాయి పక్కనే కూర్చొని అంతా విన్నది. దాని మనసులో మళ్ళీ ఏదో నడుస్తోంది.

ఈ వారంలో ఒకాయన చొక్కా కొలత ఒకే పూట రెండుసార్లు తీశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పన్నెండు మాటలతో నాకు పనిలేదు. పనిలో నేనెక్కడున్నానో తెలియాలి. అది చూడగలిగినవాడివి నాకు తెలిసి నువ్వొక్కడివే. గడియారం తీసుకొని రా. కాలరు కుడతాను, నెమ్మదించను. ఎంత పట్టిందో ముందు నాకు చెప్పు, తర్వాతే మిగతావాళ్ళకి. మరదలిని కూడా తీసుకురా, సంచి సర్దుకోమను.

అక్క


ఇంటి నుంచి
గురువారం

అక్కకి నమస్కారాలు.

క్షేమంగా చేరాం. నీ మరదలు నువ్విచ్చిన జాకెట్టు వేసుకొని వీధంతా చూపించింది.

అక్కడ అందరిముందూ చెప్పడం ఎందుకని ఆగాను. మొదటి కుట్టు నుంచి దారం తెంపేదాకా నలభై ఆరు సెకన్లు. మంచి రోజుల్లో నీకు నలభై నాలుగు పట్టేది. ఇన్నేళ్ళకి, ఇంత జబ్బు దాటాక, రెండు సెకన్లు తేడా అంటే అది లెక్కలోకే రాదు. నా లైనులో కుర్రవాళ్ళు కూడా నీ అంత త్వరగా కుట్టలేరు. మేనకోడలు ఫోన్ చేసి అడిగితే అదే చెప్పాను. ఇక నిశ్చింతగా పని చేసుకో.

తమ్ముడు


కుట్టు గది
మంగళవారం

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నలభై ఆరు కాదు. యాభై మూడు.

బతుకంతా పీసు రేటు మీద పనిచేసినదాన్ని. సూది కిందికి దిగగానే నా లోపల సెకన్లు వాటంతట అవే నడుస్తాయి. అది నా భ్రమేమో అని నాకూ అనుమానం వచ్చింది, ఈమధ్య నన్ను నేనే ఎక్కువగా అనుమానిస్తున్నాను. కానీ నీ చెయ్యి చూశాను. నేను రెండో మూల తిప్పుతున్నాను, ఇంకా దారం తెంపలేదు, నీ బొటనవేలు గడియారం మీద నొక్కేసింది. తర్వాత ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూశావు. ముక్కు ఎర్రబడింది. నా ఎదుట నువ్వు ఎప్పుడూ సరిగ్గా అబద్ధం ఆడలేదు.

మొదట ఒళ్ళు మండింది. తర్వాత, ఏడు సెకన్లు నా కోసం ఇలా మింగినవాడు కాలరు లైనులో అప్పుడు కూడా లెక్క మార్చే ఉంటాడు అనుకున్నాను. నా వేగం తగ్గించి రాశానన్న నీ మాట ఇన్నాళ్ళూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను. ఆ విషయం ఇక్కడితో సరి.

ఈ ఏడు సెకన్లు మాత్రం నాకు తిరిగి ఇచ్చెయ్. నువ్వు జాలిపడి దాచావు, డాక్టరు ధైర్యం చెప్పాలని దాస్తాడు, అమ్మాయి నేను బాధపడతానని దాస్తుంది. మూడు చెప్పి నేనూ అదే చేశాను. ఇంతమంది దాస్తే నా తలలో ఏం జరుగుతోందో చివరికి తెలిసేది నాకు తప్ప అందరికీ.

నిన్న అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పాను, మీ మామయ్య నీకు చెప్పింది తప్పు, యాభై మూడు పట్టింది, కొలతలు రెండుసార్లు తీస్తున్నాను అని.

"ఏడు సెకన్లు దాస్తే పట్టేసుకున్నావా అమ్మా" అంది.

నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. మిషను అమ్మే మాట నిజంగానే అనుకున్నామని, ఇప్పుడు అనుకోవడం లేదని చెప్పింది. పొద్దున కొలతలు తీసేటప్పుడు వచ్చి పక్కన కూర్చుంటానంది. సరేనన్నాను. స్టవ్ సంగతి ఇంకా తేలలేదు, దాని మీద ఇద్దరం పోట్లాడుకుంటున్నాం.

వచ్చే నెల మళ్ళీ రా. దారం తెంపేదాకా వేలు నొక్కకు. అరవై పడితే అరవై అని, డెబ్బై పడితే డెబ్బై అని నా మొహం మీద చెప్పు. నేను తగ్గిపోతుంటే ఆ సంగతి తెలిసిన మొదటి మనిషిని నేనే కావాలి.

అక్క